లంకెబిందెలు, రాకాసి గుళ్ళు, ఒక ఎలుగుబంటి తోలు

ఇంగ్లండ్‌లో డెవన్ కౌంటీ నడిమధ్యన డార్ట్‌మూర్ ఉంది. అక్కడ మెరివేల్ అనే చోట, గడ్డిలో కూరుకుపోయిన ఒక రాతిపెట్టె ఉంది. దాని మూతబండకి నడిమి ముక్క లేదు. అటు కొస ఉంది, ఇటు కొస ఉంది, మధ్యలో ఖాళీ. మొదటిసారి చూసినప్పుడు పిడుగు పడి పగిలిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది: పందొమ్మిదో శతాబ్దంలో ఎవరికో గేటుకి రాతి స్తంభం కావలసొచ్చింది. వేల ఏళ్ళ నాటి సమాధి మూతలోంచి సరిగ్గా కొలతకి ఒక ముక్క చీల్చుకుపోయారు.

కోపం రావాలి కదా. నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా వైపు చేను చుట్టూ ముళ్ళతీగ లాగడానికి పాతే రాతి స్తంభాల్ని కడీలు అంటారు. కడీలు కొనడానికి తాత వెంట బండ కొట్టే చోటికి పోయేదాన్ని. ఒక్కోదాన్ని చిన్న రాయితో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే పక్కన పెట్టించేవాడు. మొద్దుగా పలికితే "లోపల ఇరిగున్నది, ఒద్దు" అనేవాడు. మంచి రాయి కనబడితే తాత కళ్ళు ఎలా మెరిసేవో నాకు తెలుసు. మెరివేల్‌లో ఆ మూతబండని చూసిన రైతు కళ్ళూ అలాగే మెరిసి ఉంటాయి. ఆయన కంటికి అందులో సమాధి లేదు, కడీ ఉంది.

మూర్ అన్నదాన్ని తెలుగులో ఏమనాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. అడవి అందామంటే చెట్టు లేదు. బీడు అందామంటే మన బీడుకి ఇంత తడి ఉండదు. గుట్టల మీద పరుచుకున్న ఎత్తైన నేల, గాలికి ఒకే వైపు ఒంగిన గడ్డి, పొట్టి గుర్రాలు, కాలు వేస్తే బుడుంగుమని దిగే నల్ల నేల. ఆ నల్లదాన్ని పీట్ అంటారు. నీళ్ళలో కుళ్ళీ కుళ్ళక వేల ఏళ్ళుగా పేరుకున్న నాచూ గడ్డీ అది. ఉత్తరం వైపు సైన్యం తుపాకుల సాధన చేస్తుంది, ఎర్రజెండా ఎగిరిన రోజు అటు పోకూడదు. ప్లిమత్‌లో మా ఇంటి నుంచి కారులో అరగంట. నేను ఆసుపత్రిలో ఫార్మసిస్టుని, వారమంతా ట్యూబ్‌లైట్ల కింద గడుస్తుంది. సెలవు దొరికితే వానకోటు తగిలించుకుని ఇటు వచ్చేస్తాను.

ఇప్పుడు ఇక్కడ గొర్రెలు తప్ప ఎవరూ లేరు గానీ కంచు యుగంలో ఇది నిండు ఊళ్ళ నేల. గ్రిమ్స్‌పౌండ్ అనే చోట ఒక్క రాతి ప్రహరీ లోపలే ఇరవైనాలుగు గుండ్రటి ఇళ్ళ పునాదులున్నాయి. ఆ కాలపువాళ్ళు చనిపోయినవారికి నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి పెట్టెలా చేసేవారు. లోపల మనిషినో, మనిషి బూడిదనో ఉంచి, పైన బండ మూసి, దాని మీద రాళ్ళో మట్టో గుట్టగా పోసేవారు. రాళ్ళ గుట్టని కెయిర్న్ అంటారు. లోపలి పెట్టెకి డార్ట్‌మూర్‌లో కిస్ట్‌వేన్ అని పేరు, రాతిపెట్టె అనే అర్థం. ఈ ఒక్క మూర్ మీదే అలాంటివి 180కి పైగా కనబడ్డాయి.

మా పాప మొదటిసారి ఒకదాంట్లోకి తొంగి చూసి, "అమ్మా, కాళ్ళెక్కడ పెట్టుకుంటారు?" అంది. నిజమే, ఆ పెట్టె మీటరు పొడవుకి మించదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకోబెట్టాలి, లేదంటే కాల్చిన బూడిద పెట్టాలి. "నా కడుపులో నువ్వు పడుకున్నట్టు" అన్నాను. అది ఇంకోసారి తొంగి చూసి, నా కడుపు వైపు చూసి, మాట మార్చేసింది.

లోపల ఏముంటుంది అంటే వాననీళ్ళు, గొర్రె పెంటికలు, ఎవరో పారేసిన బిస్కెట్ కాగితం. గ్రానైటు మీది పుల్లటి నేల ఎముకని కరిగించేస్తుంది. కుండలూ రాతి పనిముట్లూ మిగలాలి. మిగల్లేదు, ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. ఎందుకు తవ్వారో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, పేర్లే చెప్తాయి. ప్రిన్స్‌టౌన్ దగ్గర ఒక కిస్ట్‌వేన్ పేరు క్రాక్ ఆఫ్ గోల్డ్. అచ్చ తెలుగులో లంకెబిందె.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ఒక పాత సమాధి మిగులుతుందా పోతుందా అన్నది, దాని గురించి చుట్టుపక్కల ఊరు చెప్పుకునే కథ మీద ఆధారపడుతుంది. బంగారం ఉందన్నారా, తవ్వేస్తారు. భయం ఉందన్నారా, మిగులుతుంది. ఏ కథా లేకపోతే అది ఉత్త రాయి, ఉత్త రాయికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

మా అమ్మమ్మ ఊళ్ళో చెరువు దాటాక ఎర్రమట్టి మిట్ట మీద రాకాసి గుళ్ళు ఉండేవి. గుండ్రంగా పేర్చిన గుండ్లు, నడిమధ్యన నేలలోకి దిగిన పలకల పెట్టె, పైన బండ. డార్ట్‌మూర్‌లో మొదటి కిస్ట్‌వేన్ చూసినప్పుడు నా కాళ్ళు ఆగిపోయింది అందుకే. కొన్ని ఊళ్ళలో వీటిని పాండవుల గుళ్ళు అంటారు. మామూలు మనుషులు అంత బండని ఎత్తలేరు కాబట్టి ఎత్తినవాళ్ళు పాండవులన్నా కావాలి, రాకాసులన్నా కావాలి. మా ఊరు రాకాసుల వైపు మొగ్గింది. "అటు పోకు బిడ్డా, రాకాసోళ్ళు పండుకున్నరు, లేపితే ఊకోరు" అనేవాడు తాత. మంచి రాయిని తట్టి చూడకుండా వదలని మనిషి, ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలో అంత చక్కటి పలకలుంటే ఏనాడూ తట్టలేదు. మేకల్ని కూడా అటు తోలనిచ్చేవాడు కాదు. పైసా జీతం లేకుండా రాకాసులు ఆ మిట్టని కాపలా కాశారు.

డెవన్‌లో కూడా ఇలాంటి కాపలా ఉండేది. పదిహేడో శతాబ్దంలో థామస్ వెస్ట్‌కోట్ అనే ఆయన ఈ కౌంటీ విశేషాలు రాస్తూ, పక్కనున్న ఎక్స్‌మూర్ వైపు జరిగిన ఒక ముచ్చట చెప్తాడు. ఒక కూలి సమాధి గుట్ట తవ్వుతుంటే మట్టికుండ కనబడింది. చెయ్యి పెట్టబోయేసరికి గుర్రాల డెక్కల చప్పుడు. నిధి లాక్కోడానికి ఎవరో వస్తున్నారని లేచి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ చెయ్యి పెట్టాడు, మళ్ళీ అదే చప్పుడు. మూడోసారికి తెగించి కుండ పైకి తీశాడు. లోపల కాస్త బూడిద, చిన్నపిల్లలవేమో అనిపించే ఎముకలు. కొద్దిరోజుల్లోనే వాడికి చూపూ వినికిడీ పోయాయి, మూడు నెలలు తిరక్కుండా పోయాడు. ఈ కథ మా తాతకి చెప్పి ఉంటే "నేనేం చెప్పిన మరి" అనేవాడు.

కాబట్టి మూఢనమ్మకాలే మేలంటావా అని అడుగుతారు. ఆగండి, నా నేరం ఒకటుంది.

నేను పదో తరగతిలో ఉండగా మా సాంఘికశాస్త్రం సారు, ఇవి ఇనుప యుగం మనుషుల సమాధులు, దేశంలో చాలాచోట్ల ఉన్నాయి అని చెప్పారు. ఆయన చెప్పింది నిజం. నేను సెలవులకి అమ్మమ్మ ఊరు పోయి, అరుగు మీద కూర్చుని అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. రాకాసులూ లేరు, పాడూ లేరు, అవి ఉత్త సమాధులు, మనుషులు కట్టుకున్నవే అని. తాత తలకాయ ఊపి లేచి వెళ్ళిపోయాడు. మా బావలిద్దరు మాత్రం చెవులు రిక్కించి విన్నారు. ఆ నెలలోనే గడ్డపారలు పట్టుకుని మిట్ట మీదికి పోయారు. బంగారం దొరకలేదు. లోపలా అంచు దగ్గరా నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు దొరికితే పగలగొట్టి చూసి గట్టు మీద విసిరేశారు. ఇప్పుడు వాటిని పుస్తకాల్లో చూస్తుంటే కడుపులో దేవుతుంది. ఆ తర్వాత ఒకరు పలకలు తెచ్చి దొడ్లో బట్టలుతికే బండగా వేసుకున్నారు, ఇంకొకరు కల్వర్టుకి పెట్టారు. కొన్నేళ్ళకి జేసీబీ వచ్చి మిట్టని చదును చేసింది. రాకాసి పోయింది, ఆ చోట్లోకి ఏమీ రాలేదు.

"ఇనుప యుగం" అన్నది కథ కాదు, సంచి మీద అతికించిన చీటీ. చీటీని చూసి ఎవరూ ఆగరు. నేను రాకాసిని తీసేసి చీటీ పెట్టాను, తప్పు అదే.

అలాగని రాకాసిని వెనక్కి పిలవడం నాకు సమ్మతం కాదు. భయం నమ్మకమైన కాపలాదారు కూడా కాదు. కాపలా ఉందంటే లోపల ఏదో దాచారనే కదా అర్థం? గుప్తనిధుల కోసం అర్ధరాత్రి నిమ్మకాయలూ కోడిపుంజులూ పట్టుకుని పోయే ముఠాల వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఆ రాకాసి కథనే వాళ్ళు తిరగేసి చదువుతారు. వెస్ట్‌కోట్ చెప్పిన కూలి కూడా అంతేగా, డెక్కల చప్పుడు విని పారిపోలేదు, నిధి ఉందన్న నమ్మకంతో మూడోసారి చెయ్యి పెట్టాడు.

చదువుకున్నవాళ్ళు వచ్చి కాపాడారా అంటే, వాళ్ళ కథ ఇంకోలా ఉంది. 1890ల్లో డార్ట్‌మూర్ మీద తవ్వకాలకి ఒక కమిటీ ఏర్పడింది. అందులో ముఖ్యుడు సబైన్ బేరింగ్-గౌల్డ్, చర్చి పాదిరి. గ్రిమ్స్‌పౌండ్‌లో 1894లో తవ్వినవాళ్ళు వీళ్ళే. వీళ్ళ మీద నాకు గౌరవం ఉంది, కొలతలు తీశారు, రాసిపెట్టారు, డ్రిజిల్‌కోంబ్ లాంటి చోట్ల పడిపోయిన నిలువు రాళ్ళని మళ్ళీ నిలబెట్టారు. ఆ నిలబెట్టిందే నాకు కాస్త గుచ్చుకుంటుంది. ఈ రాయి కంచు యుగం వాళ్ళు నిలబెట్టిన తీరులోనే ఉందా, పాదిరిగారికి నచ్చిన తీరులో ఉందా అన్న అనుమానం ఇప్పుడు అక్కడికి పోయిన ప్రతిసారీ నా వెంట వస్తుంది. చట్టాల సంగతి అంటారా, ఇక్కడ మొదటిది 1882లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 1979 నాటిది. మనకి 1958 చట్టం ఉంది. చట్టం పోలీసుస్టేషన్లో ఉంటుంది, సమాధి మిట్ట మీద ఉంటుంది.

మరి ఏ కథ కావాలి? నాకు జవాబు ప్లిమత్‌లోని ద బాక్స్ మ్యూజియంలో దొరికింది.

డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో వైట్‌హార్స్ హిల్ ఉంది, సుమారు 600 మీటర్ల ఎత్తు. అక్కడ పీట్ దిబ్బ అంచు కరిగిపోతూ, అందులోంచి ఒక పలకరాయి బయటపడింది. అంత ఎత్తున, అంత లోతు పీట్‌లో కిస్ట్‌వేన్ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అలాగే వదిలేస్తే గాలి తగిలి, పీట్ ఎండి, లోపలున్నది పోతుంది. అందుకని 2011లో తవ్వారు. డార్ట్‌మూర్‌లో ఒక కిస్ట్‌వేన్‌ని అలా తవ్వడం నూరేళ్ళ తర్వాత అదే మొదలు. లోపలున్న మూటని మట్టితో సహా ఎత్తి లాబొరేటరీకి తీసుకుపోయి, అక్కడ కొంచెం కొంచెంగా విప్పారు.

ఎలుగుబంటి తోలు. దాన్లో చుట్టిన కాలిన ఎముకలు, పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య వయసు మనిషివి. పక్కన అల్లిన బుట్ట, బుట్టలో పూసలు, రెండు వందలకి పైగా. కొన్ని నల్లటి షేల్ రాతివి, కొన్ని మట్టివి, ఏడు అంబరువి (రాయిలా గట్టిపడిన చెట్టు బంక), ఒకటి తగరంది. చెవికి పెట్టుకునేవి కావచ్చు, చెక్కతో సానబట్టిన నాలుగు గుబ్బలు. దురదగొండి నారతో నేసి, అంచులకి దూడ తోలు కుట్టిన వస్త్రం. కాలం క్రీ.పూ. 1730–1600 ప్రాంతం. పుల్లటి నేల ఎముకని తినేస్తుందని చెప్పాను కదా, గాలి చొరని పీట్ మాత్రం తోలునీ నారనీ చెక్కనీ దాచిపెట్టింది. డార్ట్‌మూర్ మీద మిగతా పెట్టెల్లో ఇలాంటివి ఉండేవో లేదో ఇక చెప్పేవాళ్ళు లేరు.

అద్దం వెనక పెట్టినవాటిలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక కడియం దగ్గర. ఆవు వెంట్రుకలతో జడలా అల్లిన సన్నటి పట్టీ, దాని అల్లికలో గుచ్చిన చిన్న చిన్న తగరపు మేకుతలలు. ఇప్పుడు మసకబారి ఉంది. కొత్తప్పుడు తగరం వెండిలా తళతళలాడి ఉంటుంది. చేతిని అటూ ఇటూ తిప్పితే ఒక్కో మేకూ మెరిసేది. మా పాప మూడోతరగతిలో రబ్బరు బ్యాండ్లతో ఇలాంటిదే అల్లి నా చేతికి కట్టింది, ఇప్పటికీ బీరువాలో ఉంది. వెంట్రుకల జడ అల్లినవాళ్ళకి ఓపిక ఉండాలి. ఒక కుచ్చు పట్టుకునేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండాలి. ఎవరు కూర్చున్నారో! ఆ పిల్లో పిల్లవాడో పోయినప్పుడు దాన్ని ఎవరూ దాచుకోలేదు, బుట్టలో పెట్టి పంపించేశారు.

ఆ రోజు తర్వాత డార్ట్‌మూర్‌లో ఖాళీ పెట్టె చూసినప్పుడు నాకు అది ఖాళీగా కనబడలేదు. మా పాప కూడా అందులో బిస్కెట్ కాగితం ఉంటే తీసి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టింది, నేను చెప్పకుండానే. లంకెబిందె కన్నా, రాకాసి కన్నా, చీటీ కన్నా ఈ కథ గట్టిగా పనిచేస్తుందని నా వాదన. దీనికి మహారాజులు అక్కర్లేదు. ఒక మనిషి, ఒక అల్లిక, ఒక తోలు చాలు.

మన దగ్గర ఇలాంటి కథ లేకపోలేదు, చెప్పేవాళ్ళు తక్కువ. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు 40 టన్నుల పైచిలుకు మూతబండని క్రేన్‌తో లేపారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త తిరిగింది, అందరూ బండ బరువు గురించే మాట్లాడారు. దాని కింద పడుకున్నవాళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. క్రేన్ లేని కాలంలో ఎంతమంది ఆ బండని భుజం పట్టి ఉంటారు, ఎవరి కోసం అంత చాకిరీ చేశారు అన్నది బరువు కన్నా పెద్ద సంగతి అనిపించింది నాకు. గ్రూపులో రాశాను కూడా. మా పెద్దమ్మ కొడుకు ఒక దండం బొమ్మ పెట్టాడు.

ఈ రెండు నేలల్ని కలిపే తాడు ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను. లివర్‌పూల్‌లో పుట్టి నిజాం కొలువులో చేరిన ఫిలిప్ మెడోస్ టేలర్, ఇప్పటి కర్ణాటకలోని షోరాపూర్ సంస్థానం వ్యవహారాలు చూస్తూ భీమా నది దగ్గర జేవర్గిలో ఇలాంటి సమాధులు తవ్వించాడు. 1860ల్లో డబ్లిన్‌లో రాయల్ ఐరిష్ అకాడమీ అచ్చువేసిన ఆయన వ్యాసం శీర్షికలోనే దక్కన్ సమాధులకి కిస్ట్‌వేన్‌లు అని పేరు. డార్ట్‌మూర్ మాట దక్కన్ మట్టిలో! అక్కడితో ఆగితే బాగుండేది. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి కట్టింది ఒకే జాతి అయ్యుండాలి, యూరప్ వైపు కెల్టులో, మధ్య ఆసియా గడ్డినేలల సిథియన్లో వచ్చి ఉండాలి అని ఆయన ఊహ సాగింది. దొరగారి రాకాసి కథ అది: ఈ ఊరివాళ్ళు కట్టలేరు, ఎక్కడివాళ్ళో వచ్చి కట్టారు. నిజానికి డార్ట్‌మూర్‌వి కంచు నాటివి, దక్కన్‌వి చాలావరకు ఆ తర్వాతి తరాలవి, ఇనుము వచ్చాకవి. పోలిక ఎందుకొచ్చిందో చెప్పడానికి మా తాత చాలు. గ్రానైటు ఎక్కడైనా పలకలుగానే చీలుతుంది. చేతిలో పలకలుండి, ఎదురుగా పోయిన మనిషి ఉంటే, ఎవరైనా పెట్టే కడతారు.

ఇక్కడి నడకరాయుళ్ళకి ఒక అలవాటు ఉంది, కెయిర్న్ కనబడితే పైన ఒక రాయి పెట్టి పోవడం. ప్రేమతోనే పెడతారు. గాలికి అడ్డుగా కూర్చోడానికి పాత కెయిర్న్ రాళ్ళతోనే మధ్యలో గుంట చేసుకునేవాళ్ళూ ఉన్నారు. నేనూ మొదట్లో రెండు మూడు రాళ్ళు పెట్టాను. ఒకసారి గొర్రెల కుక్కతో పోతున్న ముసలాయన ఆగి, నేను పెట్టిన రాయిని తీసి, నేను దాన్ని ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే తెచ్చి పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాటన్నా అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

పోయిన కార్తీకంలో మామకి ఫోన్ చేశాను. మాటల్లో మిట్ట సంగతి అడిగాను. అంతా ప్లాట్లు పడ్డాయి, రాళ్ళు పాతారు, ఇంకా ఇళ్ళు లేవలేదు అన్నాడు. గుళ్ళు ఒక్కటీ మిగల్లేదా అంటే, కాసేపు ఆలోచించి, "చెరువు దిక్కు ఒకటున్నది" అన్నాడు. బండ పక్క నుంచి పుట్ట లేచి సగం కప్పేసిందట. నాగులచవితికి ఆడవాళ్ళు పాలు పోస్తున్నారట, పసుపు రాశారట. ప్లాట్ల మనిషి వచ్చి చూసి, ఆ మూల అలాగే వదిలేసి గీత గీసుకున్నాడట.

"సూడ రా బిడ్డా ఈసారి వస్తే" అన్నాడు మామ. తర్వాత నవ్వి, "వచ్చినంక మల్ల అరుగు మీద కూసుని అది ఉత్త చెదల పుట్ట అని పోరగాండ్లకు చెప్పకు" అన్నాడు.